పటం మోసిన భుజం

మ్యూజియంలో ఆ పాత గుడ్డపటం చూసి వచ్చారు కదా, ఏం చూశారో చెప్పండి. వంద గజాల గుడ్డ మీద పడవలు, గుర్రాలు, పెళ్ళిళ్ళు, యుద్ధాలు. బాగుందని వచ్చేశారు. వరదలోంచి దాన్ని ఎవరు తెచ్చారో అడిగారా?

అడిగి ఉంటే ఎదురుగా టీ కొట్టుకి పంపేవారు. అక్కడ బల్ల మీద మ్యూజియం పాత కాపలాదారు ఉంటాడు. మొన్న మ్యూజియం గుమాస్తా కాగితం పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చాడు. పటం కింద రాతిపలక పెడుతున్నారట, కాపాడిన వాళ్ళ పేరు ఒక్క వరుసలో చెక్కాలట. ముప్పై ఏళ్ళు తలుపు బయట నిలబడ్డ మనిషికి, తన పేరైనా లోపలికి వెళ్ళాలని ఎంత ఆశో.

"నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి. చుట్టిన పటం భుజాన వేసుకుని మెట్లెక్కా. అంతే," అన్నాడు.

"అంతేనా బాబాయ్?" అన్నాడు కొట్టువాడు.

"అంతే ఎందుకవుద్దిరా. ఎనిమిది మంది మోసే బరువది. గుమ్మంలో మోకాలి లోతు, మలుపు తిరిగేసరికి పీకల్లోతు. పటం నెత్తిన పెట్టుకుని ఈదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒంటిచేత్తో ఈదుతూ, కొట్టుకుపోతున్న బస్సుని రెండో చేత్తో ఒడ్డుకి నెట్టా, లోపలి జనం దండాలు పెడుతుంటే తర్వాత పెట్టండి, పనిలో ఉన్నానన్నా. ఇక ఓపిక అయిపోయింది. అప్పుడు, నమ్మితే నమ్మండి, పటంలో గీసిన పడవ నీళ్ళు చూసి ఆగలేక కిందికి దిగింది. ఎక్కి కూర్చున్నా."

"టికెట్టు అడగలేదా?"

"నన్ను చూశాక ఎవడడుగుతాడు?"

అందరూ నవ్వారు. గుమాస్తా కలం తీశాడు. పక్క బండి మీద ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కన పెట్టింది.

"అన్నయ్యా, ఆ పటం చుట్ట మెట్ల మలుపులో ఇరుక్కుంది. విప్పితేగానీ బయటికి రాలేదు. మూడొందల మందిమి రెండు వరుసల్లో నిలబడి, చేతులెత్తి నెత్తి మీదుగా పట్టుకున్నాం. నడుం లోతు నీళ్ళలో మిట్ట మీదున్న బడి దాకా నడిచాం, దానికి ఒక్క చుక్క తగల్లేదు. నా ముందు మెడలో స్టెతస్కోపుతో ఎవరో డాక్టరమ్మ, వెనక నువ్వు. చేతులు పడిపోతున్నాయని ఏడ్చావు. దింపావా అంటే, దింపలేదు."

పడవ దిగిందంటే నవ్విన వాళ్ళు ఈ మాటకి నవ్వలేకపోయారు. టీ పొంగిపోతున్నా కొట్టువాడు చూడలేదు.

కాపలాదారు ఆవిడ వైపు తిరిగి అడిగాడు. "ఆ డాక్టరమ్మ పేరేంటి చెల్లీ?"

"ఎవరికి తెలుసు. గుడ్డ కింద మొహాలు కనపడితేగా."

గుమాస్తా కాగితం ఖాళీగానే ఉంది. పలక మీద పట్టేది ఒక్క వరుస. మీరైతే ఏం చెక్కిస్తారు?