పుర్రచెయ్యి

జగ్గయ్యపేటలో ఓ ఇంటి వసారా. డెన్మార్క్ టోర్నీలో ఎడమ భుజం దెబ్బతిని, చేతికి కట్టుతో ఇల్లు చేరిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి అన్నం తింటోంది. ఎదురుగా నానమ్మ కూర్చుంది.

“చూసావా నానమ్మా, కుడిచేత్తోనే తింటున్నా. నీ కోరిక తీరింది.”

“ఊరుకోవే. చిన్నప్పుడు ఆ పుర్రచేతిని నా కొంగుకి కట్టేసి మరీ తినిపించా.”

“అయినా మానలేదుగా. నా పుర్రచెయ్యి ఆటకే ఎదుటోళ్లు తికమకపడి ఓడిపోయేవాళ్లు.”

“మళ్లీ ఆడొచ్చన్నాడా డాక్టరు?”

“అనలేదు. కట్టు విప్పినా బ్యాట్ పట్టడం కష్టమేనంట.”

“బ్యాట్ సంగతి తర్వాత. కట్టు విప్పిన రోజు నా ముందు కూర్చుని, తొలి ముద్ద ఆ చేత్తోనే తినాలి.”

“పుర్రచేత్తోనా? తిడతారు నానమ్మా.”

“ఈ ఇంట్లో తిట్టేదాన్ని నేనే కదే.”