సగం మాత్ర

రక్తపరీక్షల గదిలో బస్సు డ్రైవరు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు, ఎవరో తోసుకొస్తారన్నట్టు. తలుపు అవతలి బల్ల మీద అతని భార్య. ఎదురుగా నర్సు.

“మెల్లగా, సిస్టర్, మెల్లగా. మా ఆవిడవి పాము చెవులు.”

“మెల్లగానే అడుగుతున్నానన్నా. మాత్ర రోజూ వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నా.”

“రోజూ?”

“రోజూ అంటే... రోజూనే. ఎందుకట్లా అడుగుతావు?”

“మీ రక్తం వేరే మాట చెప్తోంది. హెచ్ఐవీ మళ్ళీ పెరిగింది. దాంతోపాటు కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరసూ లేచింది. లివరు దెబ్బతింటోంది. కళ్ళు అద్దంలో చూసుకున్నారా?”

“డ్యూటీలో నిద్రుండదు కదా, కళ్ళు అట్లాగే...”

“నిద్ర లేకపోతే ఎర్రబడతాయి. పచ్చబడవు.”

“మా ఆవిడా అదే అంది. ఉత్త కామెర్లనుకుని తనే లాక్కొచ్చింది.”

“మీకు రెండూ ఉన్నాయని మొదట్లోనే చెప్పాం. రెండింటినీ తొక్కిపెట్టేది ఆ ఒక్క మాత్రే. సరిగ్గా వేసుకుంటే ఇంతదాకా రాదు.”

“వేసుకుంటున్నా అన్నాను కదా. సగం.”

“సగమా?”

“మెల్లగా!”

“మిగతా సగం?”

“పారెయ్యట్లేదులే.”

“అన్నా.”

“మా ఆవిడకి. పొద్దున్నే టీ నేనే పెడతా. అందులో నూరి కలిపేస్తా.”

“ఆమెకి చెప్పకుండానా?”

“చెప్పి? చెప్పి బతకనా?”

“ఆమెని పరీక్షకి తీసుకురమ్మని ఎంత మొత్తుకున్నాను! పోనీ, జాగ్రత్తగానైనా ఉండమన్నాను.”

“కాపరానికొచ్చిన ఇన్నేళ్ళకి కొత్తగా ఈ జాగ్రత్తలేంటంటే ఏం చెప్పి చావను? అందుకే ఈ దారి పట్టా. నేనేమైపోయినా సరే, దానికి అంటకూడదని.”

“బ్రేకు మీద సగం కాలేస్తే మీ బస్సు ఆగుతుందా? మీకూ ఆగలేదు, ఆమెకీ...”

“ఆమెకీ అనకు. ఆ మాట అనకు. సగమైనా లోపలికి పోతోంది కదా? ఎంతో కొంత అడ్డం పడదూ?”

“ఆమె రక్తం చూస్తేనే తెలుస్తుంది. పిలవండి. మీరే చెప్పండి. నేను పక్కనుంటా.”

“అడ్డం పడుతుందని ఒక్క మాట అను. పిలుస్తా.”

“అబద్ధం ఎలా చెప్పను?”

“పోనీ, పడొచ్చు అను, సిస్టర్.”

“ఏమో. పడొచ్చు.”

“పడొచ్చు. ఆఁ, పడొచ్చు. ఏమేవ్, ఇట్రా.”

“ఇంతసేపేంటండీ? మొహం అట్లా పెట్టారేం?”

“ఏం లేదు. కూర్చో. నీకో మాట... రోజూ పొద్దున్న నేనిచ్చే టీ ఉంది చూడూ...”

“ఆ చేదు టీనా? దాని మీద ఇక్కడ పంచాయితీయా? మీకెవరు చెప్పారు?”

“ఏం చెప్పారు?”

“కోప్పడకండి మరి. నిద్ర మానుకుని ప్రేమగా కలిపిస్తారు, బాగోలేదంటే చిన్నబుచ్చుకుంటారని... మీరు అటు తిరగ్గానే సింకులో ఒంపేస్తున్నా. మొదటిరోజు ఒక్క గుక్క, అంతే. మళ్ళీ ఒక్కనాడూ తాగలేదండీ.”