అంకె పెరిగితే పాస్

పనిచోట నన్ను మీటరక్క అంటారు. వయసు నలభై ఏడు. ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే షెడ్డులో పదకొండేళ్లుగా పరీక్ష బల్ల దగ్గర పని. భర్త లేడు. కూతురు అదే షెడ్డులో ప్యాకింగులో ఉంది. కూతురి సంగతి కూడా రాసుకోండి అయ్యా, దానితో పని పడుతుంది.

మా బోర్డులు బట్టలు ఆరబెట్టే వేడి గదులకు వెళ్తాయి. బోర్డు మీద మూడు కాళ్ల చిన్న నల్ల చిప్పు ఉంటుంది. వేడి ఎంతో దాన్నిబట్టి వోల్టేజి ఇస్తుంది. గది అరవై డిగ్రీలకు చేరగానే బోర్డు హీటరు ఆపి పచ్చ దీపం వెలిగించాలి. మా పరీక్ష ఒకటే. చిప్పును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పది లెక్కపెడతాం. ఒంటి వేడికి మీటరులో అంకె పెరిగితే పాస్.

పోయిన నెల నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి కొత్త చిప్పులు వేసిన ముప్పై ఆరు బోర్డులు నా బల్ల మీదికి వచ్చాయి. వేలు పెట్టకముందు ఏడువందల డెబ్బై మిల్లీవోల్టులు ఉండాలి. రెండువందల డెబ్బై ఉంది. ఇంకొకటి చూశాను. రెండువందల డెబ్బై. మూడోదీ అంతే. సూపర్‌వైజరును పిలిచాను.

"సార్, ఇది మన రకం కాదు. ఐదువందలు తక్కువొస్తోంది."

"పట్టుకుంటే పెరుగుతోందా లేదా?"

"పెరుగుతోంది."

"ఇంకేం? పాత రకం దొరకట్లేదు. అవే మూడు కాళ్లు, అదే రూపు. నువ్వు మీటరక్కవే తల్లీ, ఇంజనీరక్కవి కాదు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఆరు చీటీల మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను. పక్క గడిలో మాత్రం రెండువందల డెబ్బై అని రాశాను.

ఆ తేడా ఏమిటో నాకు తెలుసు. ఈ చిప్పు ఉంటే గది అరవైకి కాగినా బోర్డుకు పది డిగ్రీలే అనిపిస్తుంది. చలిగా ఉందనుకుని హీటరును మండిస్తూనే ఉంటుంది.

నిన్న గురువారం, మధ్యాహ్నం మూడుంబావుకు, ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల గది అంటుకుంది. పచ్చ దీపం వెలగలేదు కదా, ఇంకా కాగలేదేమోనని పనామె తలుపు తీసిందట. రెండు చేతులూ మెడా కాలాయి.

సాయంత్రం ఆరున్నరకు సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"అంకె చూసుకోలేదని చెప్పక్కా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

నా కూతురు మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకోలేదు. దాని చేతులకేసి చూశాడు.

"సున్నితమైన చేతులు. ప్యాకింగులోనే ఉండాలి. హీటర్ల గదిలోకి పంపించే పని పెట్టకు మాకు."

అది ఇవాళ పనికి వెళ్లలేదు. తలుపు గడియ పెట్టుకుని కూర్చోమన్నాను.

నా మీద నిర్లక్ష్యం అని కేసు రాశారు. నిర్లక్ష్యమంటే చూడకపోవడం కదా? నేను చూశాను. చూసి చెప్పినదాని నోరు మూయించి, మనిషి కాలాక ఎందుకు చూడలేదని అడగడానికి మీ పుస్తకంలో ఏ పేరుందో వెతకండి. నా తప్పు లేదనను. నవ్వాను. సంతకం పెట్టాను.

అయ్యా, నాకు భయంగా ఉంది. జైలుకు కాదు. ఒకటే కాలింది. ఇంకా ముప్పై ఐదు బోర్డులు ఉన్నాయి. ఏది ఎక్కడికి వెళ్లిందో రాసిన ప్యాకింగు చీటీల నకళ్లు ఈ సంచిలో ఉన్నాయి. ఇప్పుడు పదకొండూ నలభై. తడి బట్టలు గదుల్లోకి ఎక్కించేది పన్నెండుకు. ముందు ఫోన్లు చేయించండి. మిగతాది తర్వాత రాసుకోవచ్చు.

(ఇక్కడ రాయడం ఆపి ఫోన్లు చేయించారు. పన్నెండూ పదికి ముప్పై ఒక్క చోట్ల ఆపినట్టు చెప్పారు. నాలుగు చోట్ల ఎవరూ ఎత్తలేదు. పోలీసులను పంపించారు.)

ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, చెప్పింది నిజం. నాకు సంతకం వచ్చు. కానీ అది ముప్పై ఆరుసార్లు పాస్ కింద పెట్టిన సంతకం. దీని కింద వద్దు. వేలిముద్ర వేస్తున్నాను. మొదటిది చెదిరింది. ఇది రెండోది.

కుడి బొటనవేలి ముద్ర. చిప్పును పట్టుకున్న వేలు.