ఐదో సిరీస్‌లో అదే కుర్రాడు

తెలుగులోకి వచ్చే ఆ జపాన్ బొమ్మల సిరీస్, ఆ యానిమేలో పన్నెండేళ్ల కుర్రాడికి మొదటి సిరీస్ నుంచీ గొంతు ఈ డబ్బింగ్ ఆర్టిస్టుదే. ఇప్పుడు ఐదోది. డబ్బింగ్ గదిలో అద్దానికి ఇవతల రికార్డిస్టు తల పట్టుకుని కూర్చున్నాడు. అవతల మైకు ముందు నుంచి ఆవిడ అంది:

"కొత్తవన్నీ మొదటిదాని కాలిగోటికి కూడా సరిపోవంటున్నార్రా జనం."

"జనానికేం అక్కా, ఏదో ఒకటి అంటారు."

"బొమ్మలు అప్పటికన్నా బాగున్నాయి. కథా బాగానే ఉంది. మరేం తగ్గిందట?"

"ఏమో అక్కా."

"మొదటి సిరీస్‌లో వాడు అమ్మను పిలిచే ముక్క వినిపించు."

వినిపించాడు. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తగ్గింది నా గొంతన్నమాట. నీకెప్పట్నుంచి తెలుసు?"

"మూడో సిరీస్ నుంచి."

"చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పమంటావక్కా?"

ఆవిడ గొంతు సవరించుకుంది.

"సరే, పెట్టు. వాడికింకా పన్నెండేళ్లేగా. ఇంకోసారి పిలుస్తాను."