రైలెక్కిన వనరాజా పెట్ట

ఏసుదానం ఇంటి అరుగు పక్కన మూడు గంపలు బోర్లించి ఉన్నాయి. ఒక్కో గంప కింద ఒక్కో పెట్ట. ఒకటి పందెం పుంజుల వంశంలో పుట్టిన జాతి పెట్ట, ఇంకోటి నల్లటి కడక్‌నాథ్, మూడోది బొద్దుగా మచ్చలున్న వనరాజా. పొద్దున్న శృంగవరపుకోట సంతలో తెలిసినవాడి దగ్గర తెచ్చాడు. "ఇంట్లో ఏది నచ్చితే ఆ రకంలోనే ఇంకొన్నిస్తాను, మిగతా రెండూ తిరిగి తెచ్చీయండి" అన్నాడు ఆ కోళ్లవాడు.

నచ్చవలసిన మనిషి, భార్య అన్నమ్మ, మాత్రం గదిలోంచి కదల్లేదు.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పెరట్లో కోళ్లు లేకుండా అన్నమ్మ ఉన్నది లేదు. కిందటి వేసవిలో వాకిలి ఊడుస్తూ వంగి ఉంటే, తను చేతులారా మేపిన పుంజే వెనకనుంచి వీపు మీదికి ఎగిరింది. పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది, ఊతకర్రతో నడవమన్నారు. ఆ పుంజు ఆ ఆదివారమే కూరైపోయింది. భయం మాత్రం అరగలేదు. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి, అంతే అన్నమ్మ నడక. కోడి కూత లేని పెరటిని చూస్తే ఏసుదానానికి ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు ఉండేది. సాధువైన కోళ్లు తెస్తే గుమ్మం దాటుతుందేమోనని ఆశ.

"నాకొద్దు. నాను సూడను. పట్టుకుపొండి" అంది లోపల్నుంచి.

పక్కింటి పాల్ వచ్చి గంపల సందుల్లోంచి తొంగి చూస్తుండగానే ఎర్రన్న ఆటో వచ్చి ఆగింది. ఎర్రన్న నోరు తెరిచాడంటే ఊళ్లో సగంమంది లేచి వెళ్లిపోతారు, మిగతా సగం సర్దుకుని కూర్చుంటారు. ఏసుదానం మామూలుగా అయితే లేచి వెళ్లిపోయే రకం.

"కోళ్లేటి బావా? నన్నడక్కుండా తెచ్చినావా?" అంటూ అరుగెక్కాడు ఎర్రన్న. "కోడి గుణం సెప్పడంలో నాకేదో కాస్త నేర్పు ఉన్నాదిలే. గొప్పేటి కాదు. ఓపాలి బొబ్బిలికి గంపెడు కోళ్లు నా ఆటోలో ఏసుకెల్తన్నాను. నాను ముందు సీట్లో, అవి ఎనకాల. తల తిప్పకుండా, ఒట్టి సప్పుడు ఇని, ఇది తగువులమారి, ఇది పిరికిది, ఇది బుద్దిమంతురాలు అని సెప్పేసినాను. దింపినాక సూస్తే ఒక్కటీ తప్పు పోనేదు."

"నీ ఆటో సప్పుడులో కోడి సప్పుడెలగ ఇనబడిందిరా?" అన్నాడు పాల్.

"ఇనే సెవులుండాల. ఇదుగో, ఈ జాతి పెట్టుంది సూడు. మనిషి జోలికి రాదు, మరో కోడిని మాత్తరం బతకనియ్యదు. ఇలాటిదే నా దగ్గరోటుండేది. ఆటో అద్దంలో దాని మొకం అదే సూసుకుని పొడిసీసింది. అద్దం పగిలిపోనాది. పగిలితే ఏటైంది? ఒక మొకం కాస్తా పది మొకాలయినాయి! పదిటితోటీ పొద్దుగూకేదాకా కలబడి, పదిట్నీ ఓడించి, అప్పుడు నీళ్లు తాగింది."

లోపల మంచం కిర్రుమంది.

"ఏటంతన్నాడు వాడు?" అంది అన్నమ్మ.

ఏసుదానం చెవులు రిక్కించాడు. ఆ మంచం చప్పుడు ఏమిటో అతనికి తెలుసు. అన్నమ్మ లేచి కూర్చుంది.

"ఊఁ, ఇంకా సెప్పరా ఎర్రన్నా" అన్నాడు.

ఏసుదానం నోట ఆ మాట ఎర్రన్న ఎన్నడూ వినలేదు. ఓ క్షణం అనుమానంగా చూసి, కాళ్లు బార్లా చాపుకున్నాడు.

"కడక్‌నాథ్ సంగతి సెప్తాను. దీనికి బెదురు. ఆకు రాలితే పారిపోతాది. మా మావ పెంచిన దానికి ఎంత బెదురంటే, అరకులో ఎవులైనా దగ్గితే ఇక్కడ మంచం కిందకి దూరిపోయేది. గుడ్డెడితే ఆ గుడ్డుని సూసి అదే బెదిరిపోయేది!"

పాల్ పగలబడి నవ్వాడు. హాల్లో టక్‌మని ఊతకర్ర చప్పుడైంది. కాసేపాగి మరోసారి. ఏసుదానం తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతుందేమోనని భయం.

"మరి మూడోది?" అన్నాడు, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

ఎర్రన్న గంప ఎత్తాడు. వనరాజా పెట్ట తాపీగా బయటికొచ్చి, ఒళ్లు దులుపుకుని, ఎవరినీ పట్టించుకోకుండా అరుగెక్కి గింజలు వెతుక్కోసాగింది.

"ఇదీ కోడంటే! దీనికి కోపం నేదు, కంగారు నేదు. ఆ పెద్ద గాలివాన వచ్చినప్పుడు మా ఇంట్లో ఇలాటిదే గంపలో గుడ్లు పొదుగుతుండేది. ఇంటి మీద రేకులెగిరిపోనాయి. అది లెగనేదు. గోడ కూలిపోనాది. లెగనేదు. ఆ తరవాత ఏటైందో తెల్సా? గంప గాల్లోకి లెగిసింది! కోడితో, గుడ్లతో సహా, కొండల మీదుగా అరకు దిక్కు పోనాది. బొర్రా దాటాక గాల్లోనే గుడ్లు పిగిలి పిల్లలొచ్చినాయి. అప్పుడు కూడా అది లెగనేదు. లెగిస్తే పిల్లలకి సలేస్తాది కదా!"

"మరి మళ్లీ ఎలగొచ్చినాది?" గొంతు గుమ్మం వెనకనుంచి వచ్చింది.

"ఎలగొస్తాదక్కా, కిరండోల్ పాసింజరెక్కింది! పిల్లల్ని ముందెక్కించి, తరవాత అదెక్కి, కిటికీ పక్కన కూకుంది. టీసీ వచ్చి సూసినాడు. ఇంత నిదానస్తురాల్ని టికెట్టడగడానికి నోరు రాక దండమెట్టుకుని పోనాడు. సొరంగాల్లో సీకటికి పసిపిల్లలంతా గోలెడితే, ఇది ఓపాలి కొక్ కొక్ అన్నాది. రైలుపెట్టె మొత్తం నిద్దరోయింది. ఆ తరవాత ఏటైందో తెల్సా?"

"సెప్పి సావు" అన్నాడు పాల్.

"సొరంగం దాటేసరికి ఎదట, పట్టాల మీద, ఏనుగంత బండ! అందరూ నిద్దట్లో ఉన్నారు. డ్రైవరికి కనబడనేదు. మా పెట్టకొక్కదానికే కనబడింది. కంగారు పడిందా? నేదు. కిటికీలోంచి మెడ బయటికి సాపింది. దాని నెత్తి మీద తురాయి ఉంటాది కదా, ఎర్రగా, మందారపువ్వులాగ, అరసేయంత! డ్రైవరు ఎనక్కి సూసినాడు, ఎవులో ఎర్రజెండా ఊపుతన్నారనుకున్నాడు, బ్రేకు కొట్టినాడు. బండకీ బండికీ మద్దిన జానెడే మిగిలింది. బండెడు జనాన్ని మా పెట్ట..."

"ఒరే ఆగరా!"

అన్నమ్మ అరుగు మీద నిలబడి ఉంది. ఒక చేత్తో ఊతకర్ర పట్టుకుంది, రెండో చెయ్యి ఎర్రన్న మొహం మీదికి చాపింది.

"ఎగిరిందన్నావు, ఊరుకున్నాను. రైలెక్కిందన్నావు, పోనీలే పిల్లలతల్లి అనుకున్నాను. పొదుగు మీంచి అప్పుడే లెగిసిన పెట్టకి తురాయి ఎర్రగా ఉంటాదేట్రా? తిండి మానేసి కూకున్న కోడికి తురాయి ముడుసుకుపోయి, పాలిపోయి, సున్నమేసినట్టుంటాది. దాన్ని సూసి ఏ డ్రైవరాపుతాడ్రా బండి? నీ జన్మలో ఒక్క పెట్టనైనా పొదుగుకి కూకోబెట్టినావురా?"

ఎర్రన్న బార్లా చాపుకున్న కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. పాల్ చూరు పట్టుకుని నవ్వుతున్నాడు.

ఏసుదానం నవ్వలేదు. చప్పుడు చెయ్యకుండా లేచి, కుర్చీ తెచ్చి, భార్య వెనక వేశాడు. అప్పుడు చూసుకుంది అన్నమ్మ, తను ఎక్కడ నిలబడిందో. వేళ్లు ఊతకర్రని గట్టిగా పట్టుకున్నాయి. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

వనరాజా పెట్ట గింజలు ఏరుకుంటూ ఏరుకుంటూ ఆమె పాదం దాకా వచ్చింది. పాదాన్ని ఓసారి తల వంచి చూసి, దాన్ని దాటుకుని, పక్కనున్న గింజని ముక్కున కరుచుకుంది. అన్నమ్మ కాలు వెనక్కి లాక్కోలేదు. వంగి, భయం భయంగా రెండు వేళ్లతో దాని వీపు నిమిరింది. అది తిండి ఆపలేదు.

"ఇలాటివే తెండి" అంది ఏసుదానంతో. "దీనికి కోపం నేదన్న మాట మాత్తరం నిజమే. పైగా ఈ ఎర్రన్నలాగ వాగదు."