కుర్చీ పెట్టిన చోటు

బోస్టన్‌లో ఒక పాత వీధి. మంచు తుఫాను వెలిసిన మూడో రోజు ఉదయం.

“ఇంకోసారి వెనక్కి పోనియ్, నోరీన్!”

“పోనిస్తూనే ఉన్నాను డేసీ గారూ! చక్రాలు కదలడం లేదే!”

“ఆపు, ఆపు. ఇంజను పోతుంది. ఎన్నింటికి చేరాలన్నావు?”

“పదింటికి. పదింటికి మా ఆయన ఆస్పత్రిలో లేకపోతే ఆయనకని వచ్చిన కిడ్నీ తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. నాలుగేళ్లు ఎదురుచూశాం డేసీ గారూ. నాలుగేళ్లు!”

“అంబులెన్సు?”

“దీనికి రారట. టాక్సీవాళ్లు ఈ ఎత్తు ఎక్కలేమన్నారు. మీ కారు ఏమైనా...”

“నాదా? నాలుగు వీధుల అవతల, అద్దాల దాకా మంచులో ఉంది. ఇక్కడ చోటు లేక... సర్లే. ఆ గడ్డపార ఇటివ్వు.”

“ఇదేం విచిత్రమండీ? పైన మంచు పిండిలా ఉంది, చక్రాల కింద మాత్రం రాయిలా గడ్డకట్టింది. వానైనా పడలేదే!”

“చలికి... అలాగే అవుతుందిలే. గడ్డ కరగడానికి ఉప్పు ఉందా?”

“వంటింట్లో ఉన్నదంతా పోశాను. అయ్యో, మీ చేతికి రక్తం!”

“కారితే కారనీ. గుమ్మంలో దుప్పటి కప్పుకుని కూర్చుంది మీ ఆయనేనా? ఆ పచ్చ కుర్చీ... అది నాది.”

“మీదే.”

“రెండు గంటలు తవ్వి పెట్టుకున్నాను ఈ చోటు! తవ్వినవాడి కుర్చీ ఉంటే ఇంకెవరూ కారు పెట్టరు. నువ్వీ వీధికి కాపరానికి రాకముందు నుంచీ అదే పద్ధతి.”

“తెలుసు. నిన్న డయాలిసిస్ అయ్యాక ఆయన పది అడుగులు వెయ్యలేకపోయాడు. కుర్చీ తీసేసి మా కారు పెట్టాను. తప్పే. ఇప్పుడా ఆ గొడవ?”

“లేదు, లేదు. తొమ్మిదీ పదయింది. తవ్వుతున్నా.”

“మీరు రోజూ చర్చికి వెళ్తారు. ఒకటి చెప్పండి. ఎక్కడో ఎవరో పోయారు, అందుకే మాకు ఫోనొచ్చింది. దేవుణ్ణి ఏమని ప్రార్థించను?”

“నన్నడక్కు. నేను చెప్పదగ్గ మనిషిని కాను.”

“అదేం మాట?”

“నోరీన్... నిన్న సాయంత్రం... కుర్చీ లేదు, నీ కారుంది. ఒళ్లు మండింది. బకెట్లతో నీళ్లు... ఈ చక్రాల కింద... ఇవాళ ఇలా ఫోనొస్తుందని నాకేం తెలుసు? దేవుడి తోడు—”

“ఆరు బకెట్లు. కిటికీలోంచి చూశాను.”

“చూశావా? చూసి కూడా, ఇంతమంది ఉండగా, నా తలుపే ఎందుకు కొట్టావు?”

“నీళ్లు ఎక్కడెక్కడ పోశారో మీకొక్కరికే తెలుసు. తవ్వండి.”