సార్జెంటుగారి క్షమాపణ

వద్దండీ ఫెన్విక్ దొరగారూ, మీ నవల మూడు సంపుటాలూ నా బల్ల మీద పెట్టకండి. బంగారు అంచులూ అవీ బాగానే ఉన్నాయి. నాకు చదువు రాదని మీకు తెలుసు కదా. చదివి వినిపించే మనిషిని మట్టిలో పెట్టి ఇంకా నెల కాలేదు.

ఆ కుర్చీలో కాదు, అది ఆయనది. ఇటు కూర్చోండి.

ఏమన్నారు? తప్పు దిద్దుతారా? ఆగండి, ముందు నన్ను చెప్పనివ్వండి. మీరు వచ్చిపోయిన రోజుల్లో మాట్లాడిందంతా ఆయనే, నేను టీ పోస్తూ ఊరుకున్నాను.

నా చేతి రొట్టె తింటూ మా ఆయన అమోస్ నోటెంట ఆ కేసంతా రాబట్టుకున్నారు కదండీ మీరు. డోర్సెట్‌లో ఆ పెద్దింటి ముసలమ్మకి మందులో విషం కలిపారని, పోలీసు సార్జెంటుగా ఈయన లండన్ నుంచి వెళ్ళాడని. మందు తాగించిన వెండి చెంచా శుభ్రంగా కడిగి ఉందట, కానీ వంటింటి కత్తుల సొరుగులో దొరికిందట. పనిమనిషైతే కళ్ళు మూసుకునైనా దాని చోట దాన్ని పెడుతుంది. జన్మలో చెంచా కడిగి ఎరగని చెయ్యి పెట్టిందది అన్నాడు మా ఆయన. ఆ ఇంటి మనవరాలు, మిస్ అరబెల్లా చెయ్యి అన్నాడు.

అంతే కదా ఈయన చేసిన నేరం. బండి తోలేవాడి కొడుకు దొరబిడ్డ మీద వేలెత్తాడని దేశమంతా మీద పడింది. పత్రికల్లో బొమ్మలేసి నవ్వారు. ఉద్యోగం ఊడింది. ఆ పిల్ల హాయిగా ఇంట్లో ఉంది, వంటింట్లో పనిచేసే కెజియా జైలుకెళ్ళింది.

అప్పుడొచ్చారు మీరు. పేర్లు మార్చి ఈ కథ రాస్తానన్నారు. ఆయన మొహం చూడాల్సింది ఆ రోజు. దొరగారి కలంతో నా మాట నిజమని తేలుతుంది టాబీ, అన్నాడు నాతో.

శనివారం వచ్చిందంటే కొట్టు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడేవాడు, మీ కథ వారం వారం అచ్చయ్యే పత్రిక కోసం. వానైనా సరే. తెచ్చి ఇదిగో ఇక్కడ కూర్చుని గట్టిగా చదివేవాడు. "చూశావా, నా నడకే. నా దగ్గు కూడా పెట్టేశాడు." వీధి వీధంతా మీ సార్జెంటుని ఇష్టపడింది. మొహం చాటేసిన మాంసం కొట్టువాడు కూడా పిలిచి పలకరించడం మొదలెట్టాడు. వచ్చే వారం తేలిపోతుంది, ఆ పై వారం తేలిపోతుంది అంటూ ఉండేవాడు మా ఆయన.

చివరి భాగం గుమ్మంలోనే నిలబడి చదువుకున్నాడండీ. మడిచి జేబులో పెట్టుకుని, "ఈ వారం కథ రాలేదు" అన్నాడు. ఎన్నడూ నాతో అబద్ధమాడని మనిషి.

పక్కింటి ప్రూయెట్ అమ్మ చేత చదివించుకున్నాను. మనవరాలు ఏ పాపమూ ఎరగదట. చంపింది వంటింటి పిల్లేనట. మీ సార్జెంటు ఆ ఇంటి గేటు దగ్గర టోపీ తీసి క్షమాపణ అడుగుతాడట, ఆ అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుని క్షమిస్తుందట. చదువుతూ ప్రూయెట్ అమ్మ కళ్ళు తుడుచుకుంది కూడా.

చందా కట్టించుకుని పుస్తకాలు ఇంటికిచ్చే లైబ్రరీలవాళ్ళా? దొరబిడ్డే హంతకురాలైతే ఆ పుస్తకం ఇళ్ళల్లోకి రానివ్వం అన్నారా? సరే. అమ్ముడుపోవాలి కదా, కాదనను. ఆ ముక్క ఒక్కసారి వచ్చి ఆయనకి చెబితే ఏం పోయేది? విని నవ్వేసేవాడు.

మీరు రాలేదు. దాంతో ఆయన అది నిజమనుకున్నాడండీ. "దొరగారు మనుషుల లోపలేముందో ఎరిగినవాడు. నేను చెప్పిందంతా విని, ఆలోచించి, ఇలా తేల్చాడు. నేనే పొరబడ్డానేమో టాబీ." మరి చెంచా సంగతి అన్నాను. "చెంచాదేముంది, ఎక్కడైనా ఉండొచ్చు" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే ఆదివారం కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. రైలెక్కి డోర్సెట్ వెళ్ళాడండీ. వానలో ఆ గేటు ముందు టోపీ చేత్తో పట్టుకుని, ఆ పిల్ల బయటికొచ్చేదాకా నిలబడ్డాడు. అమ్మా, మిమ్మల్ని అన్యాయంగా అనుమానించాను, క్షమించండి అని అడిగాడు. అచ్చం మీరు రాసినట్టే.

ఆ పిల్ల అంతా విందట. క్షమించాను అందట. వంటింట్లో వేడిగా సూప్ పోయించి పంపిందట.

తడిసి ముద్దయి వచ్చాడు. పక్క మీద పడ్డవాడు మళ్ళీ లేవలేదు. "మంచి పిల్ల టాబీ" అన్నాడు ఆ జ్వరంలో.

మొన్నటి నుంచీ పత్రికలమ్మే కుర్రాళ్ళు వీధిలో అరుస్తున్నారు కదా, గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డ మనిషిని చూశాక నిద్ర పట్టక, ఆ పిల్ల మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళి తనే చంపానని ఒప్పుకుందని. కెజియాని వదిలేస్తారు, అందుకు సంతోషమే. మీరూ అది విని పరుగెత్తుకొచ్చారు. చౌక ముద్రణలో ముగింపు మారుస్తానంటున్నారు, సార్జెంటు మాటే నిజం చేస్తానంటున్నారు. దానికి నన్ను సరేననమంటున్నారు.

మార్చుకోండి, నాదేం పోయింది. మీ సార్జెంటు ఇక తలెత్తుకు తిరుగుతాడు. జనం కొనుక్కుంటారు. మా ఆయన మాత్రం, ఆ పిల్ల తనని క్షమించిందని సంతోషపడుతూ పోయాడండీ.